చిన్నవెంకటప్ప వెనకాల

నంగలి దగ్గరి ఊర్లో, ఒక ఇంట్లో కూతురు లాప్‌టాప్ మూసేసి వంటింటి గడప మీద కూర్చుంది. తల్లి ఖాళీ పాలక్యాను కడుగుతోంది.

“రేపు ఆవును తోలుకుపోను టెంపో వస్తాది. మందులేసినా, మేత మార్చినా డెయిరీ మిషన్లో పాల ఫ్యాట్ మూడు దాటలేదు, రేటు గిట్టలేదు.”

“ఆవును అమ్మద్దమ్మా. రేపటినుంచి డెయిరీ వరుసలో చిన్నవెంకటప్ప వెనకాల నిలబడద్దు. అందరికంటే ముందు నిలబడు.”

తల్లి చెయ్యి ఆగింది.

“ఆయప్ప నీళ్ళు కలుపుతాడని ఊరందరికీ తెలుసు. దానికీ నా పాలకూ ఏం సంబంధం?”

కూతురు గడపను గోరుతో గీకింది.

“ఇద్దరు వెంటవెంటనే పాలు పోస్తే, ముందువాళ్ళ ఫ్యాట్ వెనకవాళ్ళ పేరుమీద పడతా ఉండాది. ఆ మిషన్ ప్రోగ్రాం రాసింది నేనే. ఆ ఒక్క టెస్టు చెయ్యకుండా పంపించేసినాను.”

“మీ ఆఫీసులో చెప్పినావా?”

“చెప్పినాను. వచ్చే నెల అప్‌డేట్‌లో సరిచేస్తారంట. అంతవరకూ బయట నోరు తెరిస్తే ఉద్యోగం ఉండదన్నారు.”

“అయితే ఊర్లో ఎవురికీ చెప్పకూడదు.”

“నువ్వు చోటు మారితే చాలమ్మా.”

తల్లి క్యానును గోడవారన బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

“మా పాప చేసిన మిషను, తప్పు చూపించదని ఇంటింటికీ పోయి చెప్పింది నేనే. ఇప్పుడు నేను ముందుకు పోతే, నా వెనకాల నిలబడే మన పక్కింటి ప్రేమ ఆయప్ప వెనకాలకి వస్తాది. దానికీ ఉండేది ఒక్క ఆవే.”