కెప్టెన్ గారి కోటు

సైన్యం పట్టుకున్న ఊళ్ళో యూనిఫారాలు కుట్టే దుకాణం. తలుపుకి లోపల గడియ పడింది. అద్దం ముందు కెప్టెన్, అతని కోటు అంచు దగ్గర మోకాళ్ళ మీద కుట్టుపని చేసే ఆమె.

"మళ్ళీ అడుగుతున్నాను. ఎవరికి చెప్పావు?"

"కదలకండి కెప్టెన్ గారూ, గుండుసూది గుచ్చుకుంటుంది."

"గురువారం మా లారీలు పాత వంతెన మీంచి వెళ్తాయని పోయిన శుక్రవారం నీకొక్కదానికే చెప్పాను. అబద్ధం. కావాలనే చెప్పాను. నిన్న పాత వంతెన పేలింది."

"అయ్యో. చెయ్యెత్తండి."

"నీకు నవ్వులాటగా ఉందా?"

"చంకలో బిగుసుకుంది. మూడు నెలల్లో బాగా ఒళ్ళు చేశారు."

"మూడు నెలలు! నీ చుట్టూ కుక్కలా తిరిగాను. మొదటిరోజు మెడ కొలత తీస్తూ అలా చూశావే, అదీ నటనేనా?"

"కొలత మాత్రం సరిగ్గానే తీశాను."

"నాలుగింటికి కల్నల్ వస్తాడు. ఈలోపు పేరు చెప్పు, నిన్ను సరిహద్దు దాటిస్తాను. లేదంటే గోడకి నిలబెట్టి కాల్చేస్తారు. చెప్పి బతికిపోవే!"

"ఏ గోడ? బేకరీ వెనకదేనా?"

"ఏ గోడైతే ఏం?"

"ఈ కోటు ఎవరు కుట్టారో తెలుసా?"

"మాట మార్చకు."

"మార్చట్లేదు. మా ఆయన కుట్టారు. కాలరు చూడండి, ఒక్క ముడత ఉంటే చెప్పండి."

"మీ ఆయన యుద్ధంలో పోయాడన్నావు."

"యుద్ధంలోనే. మీకు డెలివరీ ఇవ్వడానికొస్తూ, కర్ఫ్యూ దాటి పది నిమిషాలు ఆలస్యమైంది. బేకరీ వెనక గోడకి నిలబెట్టి కాల్చమంది మీరే. పార్సిలు మాత్రం మడత నలక్కుండా మీకు చేరింది."

"నాకు... ఎవరో తెలీదు."

"మీరు అడగలేదుగా."

"సరే, తిట్టు. కొట్టు. పేరు మాత్రం చెప్పు. నీ చీటీలు అవతలి ఒడ్డుకి చేరవేసేది ఎవరు? చెక్‌పోస్టులో అందర్నీ ఒళ్ళంతా తడిమి గానీ వదలట్లేదు."

"అందర్నీనా?"

"ఆఫీసర్లని తప్ప."

"ప్రతి శనివారం ఇస్త్రీ చేయించుకోడానికి అవతలి ఒడ్డు లాండ్రీకి ఈ కోటు వేసుకునే వెళ్తారు కదూ?"

"వెళ్తాను. అయితే?"

"శుక్రవారం పొద్దున బొత్తాలు చూడమని నాకు పంపిస్తారు. బొత్తాలు చూస్తాను. ఎడమవైపు లైనింగుకి మాత్రం గట్టి కుట్టు వెయ్యను, కచ్చా కుట్టే. దారం కొస పట్టి లాగితే ఊడొస్తుంది. లాండ్రీవాడికి అలవాటే."

"ఏమిటీ?"

"అలా తడుముకోకండి, సూదులున్నాయి. ఇవాళ్టి చీటీ కూడా అక్కడే ఉంది."

"నిన్ను... కత్తెర! ఆ కత్తెర ఇలా ఇయ్యి!"

"ఇస్తాను, అరవకండి. అదేమిటి, జీపు చప్పుడా?"

"ఇంకా పావుగంట ఉందే! నాలుగింటికి కదా రమ్మన్నాను!"

"మీరు నాలుగింటికి రమ్మన్నారు. నేను ముందే రమ్మన్నాను. ట్రయలుకొచ్చిన కెప్టెన్ గారి కోటు ఎడమవైపు విప్పి చూడమని పొద్దునే కల్నల్ గారికి రాసి పంపాను."

"పిచ్చిదానా! నువ్వు కూడా చస్తావే! నీకు తెలుస్తోందా?"

"తెలుసు. గడియ తీసి రండి. ఆ గోడ దగ్గర మా ఆయన ఒక్కరే నిలబడ్డారు. మీకు ఆ కష్టం లేదు, పక్కన నేనుంటానుగా."