చిల్లు పెట్టని రేకు

అబ్బ, ఎన్నిసార్లు అడుగుతావక్కా? టైమెంతయిందో ఆ గోడ మీద గడియారం చెప్తూనే ఉందిగా. నన్నడిగితే అదేమైనా వెనక్కి నడుస్తుందా? మూడూ ఇరవై. ఇందాక అడిగినప్పుడు మూడూ పది.

కూర్చో. కిటికీకి అతుక్కుపోయినంత మాత్రాన పడవ తొందరగా వచ్చెయ్యదు. బావ సంగతి నీకు తెలియనిదా, ఎక్కడికెళ్లినా నలుగురికీ నాలుగు కబుర్లు చెప్పందే కదలడు. అవతలి ఒడ్డు ఆసుపత్రిలో కాయితాలు కూడా ఒక పట్టాన తెమలవు. చంటిదాన్ని చుట్టబెట్టుకుని, సంచులు సర్దుకుని, నీ కూతురు రేవు దాకా నడవాలి. పన్నెండు రోజుల బాలింత పరిగెత్తుకొస్తుందా ఏంటి?

నాకేం, బాగానే ఉన్నాను. చేతులా? పొద్దున రేకు గీసుకుంది, అంతే. టీ వద్దు.

సరే, పడవ సంగతే కదా నీకు కావాల్సింది. చెప్తాను. ఇరవై ఆరేళ్లుగా పడవ సంపాదన తింటున్నావు గానీ దాని వెనకవైపు ఒక్కసారి తొంగి చూశావా? ఇంజను లోపలుంటుంది. నీళ్లని తోసే ఫ్యాను బయటుంటుంది. రెంటినీ కలిపే ఇరుసు పడవ వెనకగోడ కన్నంలోంచి బయటికెళ్తుంది. ఆ కన్నంలో కూర్చుని ఇరుసుని కదలకుండా పట్టుకునేదే బేరింగు. దాని బయట, నీళ్లు లోపలికి రాకుండా, మడతలు మడతలుగా ఒక రబ్బరు తొడుగు. అంతే. అక్కడ నీళ్లకీ మనుషులకీ మధ్య ఉన్నదల్లా ఆ రబ్బరే.

మొన్న బావ వచ్చి, "ఒరే, ఎటు తిప్పినా వెనకనుంచి గుర్రుమంటోందిరా" అన్నాడు. విప్పి చూస్తే బేరింగు పోయింది. అదేం పెద్ద విషయం కాదు, కొత్తది వేస్తే సరి. కానీ కొత్తది సుత్తితో కొడితే గానీ లోపలికి ఎక్కకూడదు. ఇదేమో చేత్తో తోస్తే చాలు, జారి కూర్చుంది. నాన్న చెప్పుల్లో నా చిన్నప్పటి కాళ్లలాగా అటూ ఇటూ ఆడుతోంది. పాత పడవ కదా, ఉప్పునీళ్లకి కన్నమే అరిగిపోయింది.

కన్నమున్న ఆ ముక్క మొత్తం మార్చాలి బావా అన్నాను. చెప్పలేదనుకోకు. ఎక్కడ దొరుకుతుంది? ఆ రకం చెయ్యడం నీ కూతురు పుట్టకముందే ఆపేశారు. ఆయనేమో శుక్రవారానికి పడవ తయారవ్వాలి, నా కూతుర్నీ మనవరాలినీ అద్దె పడవ ఎక్కించను అని కూర్చున్నాడు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లని నీకు వేరే చెప్పాలా?

అందుకని పాత పద్ధతి చేశాను. కూల్‌డ్రింకు డబ్బా కత్తిరించి, వేలెడు వెడల్పు రేకు తీసి, బేరింగు చుట్టూ చుట్టి కొట్టాను. బిర్రుగా బిగిసింది. అలా చూడకు, నాకు పని నేర్పిన ముసలాయనా ఇలాగే చేసేవాడు. ఏడాదో రెండేళ్లో ఢోకా ఉండదు. తప్పు అందులో లేదు.

తప్పు అన్నానా? ఏదో మాటవరసకి అన్నాను.

ఫోను కలవదక్కా. నడి నీళ్లలో సిగ్నలెక్కడుంటుంది? నేనూ పదిహేనుసార్లు చేశాను. చేసి చేసి ఆసుపత్రికి చేశాను.

చెప్పకూడదనుకున్నాను. పదకొండున్నరకే బయల్దేరారట. చంటిదాన్ని ఎత్తుకుని రేవు దాకా వచ్చిన నర్సే చెప్పింది. గంటన్నర దారి. ఒంటిగంటకల్లా ఇక్కడుండాలి.

కూర్చో కూర్చో. ఆ కుర్చీ లాక్కో. అంతా చెప్తాను, విను. తిడితే తర్వాత తిట్టు.

రేకులు రెండు కత్తిరించాను. బేరింగుకి గ్రీజు అందాలి కదా. బయట్నుంచి గ్రీజు గన్నుతో కొడితే, గోడలో ఉన్న సన్నటి దారిలోంచి లోపలికి దిగుతుంది. చుట్టూ రేకు చుడితే ఆ దారి మూసుకుపోతుంది. ఆ మాత్రం నాకు తెలియదా? అందుకే ఒక రేకుకి సరిగ్గా ఆ చోట చిల్లు పెట్టాను. రెండోది ఉత్త కొలత కోసం తీసింది, దానికి చిల్లు లేదు. చిల్లున్నదే వేశాననుకున్నాను. ఒట్టు, అలాగే అనుకున్నాను. గ్రీజు కొడుతుంటే గన్ను మొరాయించింది. కొత్తది కదా, బిగువుగా ఉందిలే అని ఇంకాస్త నొక్కాను. పక్కనుంచి బయటికి కారింది. నిండిపోయిందనుకుని గుడ్డతో తుడిచేశాను.

కొత్త బేరింగుకి పూసి వచ్చే కాస్త గ్రీజు ఉంటుంది. అది వెళ్లడానికి సరిపోయుంటుంది. తిరిగి రావడానికి చాలదు. ఎండిపోతే వేడెక్కుతుంది. వేడెక్కితే ఇరుసు ఊగుతుంది. ఊగితే రబ్బరు చిరుగుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో నన్నడక్కు. పడవ వెనకవైపు ముందు బరువెక్కుతుంది. నీ కూతురు ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చుంటుంది, గాలి తక్కువని.

నాకెప్పుడు తెలిసిందనే కదా అలా చూస్తున్నావు? ఇప్పుడు కాదు. పొద్దున. షెడ్డు ఊడుస్తుంటే బల్ల కింద చిల్లు పెట్టిన రేకు దొరికింది. అంటే బేరింగుకి చుట్టింది చిల్లు లేనిది. అప్పుడు తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ.

అవునక్కా. బావ అప్పటికింకా మన రేవులోనే ఉన్నాడు.

పరిగెత్తాను. పరిగెత్తలేదనుకోకు. రేకు గుప్పిట్లో పట్టుకుని, చెప్పుల్లేకుండా వెళ్లాను. బావ ఇంజను వేడెక్కిస్తూ ఆ పడవలవాళ్లందరితో ఏదో అంటున్నాడు. నన్ను చూశాడు. దగ్గరికి లాక్కుని భుజం మీద చెయ్యేశాడు. "మా బామ్మర్ది చెయ్యి పడిందయ్యా, ఇంకో పదేళ్లు ముట్టుకోనక్కర్లేదు" అన్నాడు, అంతమందిలో.

నన్నేమని పిలుస్తాడో నీకు తెలుసు. అరకొర మేస్త్రి. మీ వంటింటి తలుపు బిగించినప్పుడు అదే మాట, కుళాయి మార్చినప్పుడు అదే మాట. అన్నాల దగ్గర, పిల్లల ముందు కూడా అదే. నువ్వు నవ్వేదానివి. నేనూ నవ్వేవాణ్ణి. ఎంత మండేదో నీకెప్పుడూ చెప్పలేదు. ఇరవై ఆరేళ్లకి మొదటిసారి ఆ నోట మంచిమాట వచ్చింది. పడవలవాళ్లంతా నా వంకే చూస్తున్నారు. ఒకడైతే తన పడవ కూడా చూసిపెట్టమన్నాడు.

"వెళ్లనా మరి?" అని బావ నన్నే అడిగాడు.

రేకు వేళ్లకి కోసుకుంటోంది. ఒక్క మాట, ఆగు బావా అంటే చాలు. అనలేదు. రేపు చూద్దాం, ఒక్క రోజుకేమవుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వెళ్లిరా బావా అన్నాను. తాడు కూడా నేనే విప్పాను.

కొట్టు. ఇంకో దెబ్బ కొట్టు, కాదనను. కానీ ముందు ఇది విను, ఇది ఇంకా ఘోరం. ఇక్కడికొచ్చే ముందు నీళ్లలో తప్పిపోయిన పడవల్ని వెతికేవాళ్ల ఆఫీసుకి వెళ్లాను. ఆ గుమస్తా కాయితం తీసి, పడవలో ఏమైనా లోపముందా అని అడిగాడు. నా మొహానికి తగలడ్డ నోరు ఏమందో తెలుసా? ఏ లోపమూ లేదండీ, మొన్ననే నేనే బాగుచేశాను అంది.

వాడు అలాగే రాసుకున్నాడు. లే అక్కా, చెప్పులేసుకో, నువ్వొచ్చి వాడికి లోపముందని చెప్పు, నా నోటిని నేనే నమ్మను. లోపం లేని పడవని అయిదయ్యేదాకా వెతకరట.