విసరనివ్వని చెయ్యి

అది కాదు వెండెల్, నా మాట పూర్తిగా విను. వాడికి బంతి విసరడం రాదని ఎలా అంటావు? విసరమని మనం ఎప్పుడు చెప్పాం గనక?

ముందా వీడియో ఆపు. పొద్దుటి నుంచీ ఎమెట్ విసిరిన ఆ ఒక్క బంతినే తిప్పి తిప్పి చూస్తున్నావు. సరే, అవతలివాళ్ళ చేతిలో పడింది, కాదనను. ఆ రోజు వాన ఎలా కురిసిందో మర్చిపోయావా? వాడి ముందు నిలబడి కాపు కాయాల్సినవాళ్ళలో ఒక్కడూ నిలవలేదు. ఆ బంతిని బట్టి వాడు క్వార్టర్‌బ్యాక్‌గా, జట్టుకు బంతి విసిరిపెట్టేవాడిగా, పనికిరాడని తేల్చేస్తావా?

ఎమెట్ మన కాలేజీ ఫుట్‌బాల్ జట్టులోకి వచ్చి మూడేళ్ళయింది. వాణ్ని మైదానంలోకి ఎప్పుడు పంపుతాం? మనం గెలిచేశాక. జనం లేచి కార్ల దగ్గరికి నడుస్తున్నప్పుడు. పంపుతూ నువ్వేమంటావు? "విసరొద్దు. పరిగెత్తేవాడి చేతిలో పెట్టు, టైం గడవనీ" అంటావు. ఓడిపోయినవాళ్ళను ఇంకా కొట్టకూడదని. తప్పని నేననను. నేనూ అదే నేర్పుతాను. మర్యాద అది. కానీ ఆ మర్యాద మనది, నష్టం వాడిది. కాగితం మీద అంకెలు చూస్తే చెయ్యి లేనివాడిలా ఉన్నాడు.

ఏమిటీ? ప్రాక్టీసులో బాగా విసరడం వేరు, ఆటలో వేరంటావా? వేరే. అందుకే వాడు గొప్పవాడని నేననడం లేదు. నాకు తెలియదు. నీకూ తెలియదు. ఆ తెలియదన్న మాట నీ నోట రావడం లేదే, అదీ నా బాధ.

మరి వీడి బదులు నది అవతలి కాలేజీ నుంచి తెచ్చుకుంటున్నావే, ఆ కింకేడ్? అక్కడ వాడూ ఎమెట్‌లాగే రెండో వరసవాడే. వాడి ఆట ఎప్పుడు చూశావు? మొన్న అక్టోబరులో మనల్ని చిత్తు చేసినప్పుడు. అప్పటికే వాళ్ళు గెలిచేశారు, మన పిల్లలకు కాళ్ళు ఆడటం లేదు. అయినా వాడు విసురుతూనే ఉన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నువ్వేమన్నావు? "పెంపకం లేని వెధవ" అన్నావు. ఆ విసుర్లే ఇప్పుడు నీకు ముద్దొచ్చాయి.

నవ్వకు. నాకు నవ్వు రావడం లేదు.

ఇంకో సంగతి. మొన్న శనివారం ఎమెట్ వాళ్ళ నాన్న మొక్కజొన్న కోత ఆపుకుని ఆట చూడటానికి వచ్చాడు. ఆఖర్లో కొడుకును మైదానంలోకి దించాం. పరిగెత్తించమన్నావు. ఎడమ పక్క బంతి అందుకోవాల్సిన మన లార్స్‌ను ఎవడూ కాయడం లేదు, చెయ్యెత్తి ఊపుతున్నాడు కూడా. విసిరితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. మీ అమ్మగారు విసిరినా టచ్‌డౌనే. ఎమెట్ చూశాడు వెండెల్. అక్కడ ఓ క్షణం ఆగి నా వంక చూశాడు. నేను వద్దని తలూపాను.

పరిగెత్తేవాడి చేతిలో పెట్టేశాడు.

ఆటయ్యాక నా దగ్గరికొచ్చి, "లార్స్ ఖాళీగా ఉన్నాడు సార్, నాకు కనిపించాడు" అన్నాడు. అంతే. మంచి పని చేశావురా అని భుజం తట్టాను. వాళ్ళ నాన్న నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆయన ముఖంలోకి సరిగా చూడలేకపోయాను.

అది మంచి పనేనని ఇప్పటికీ అంటాను. అయితే ఆ ఒక్కసారి వాడు నా మాట పెడచెవిన పెట్టి ఉంటే, ఇవాళ నువ్వు ఆ టచ్‌డౌన్ వీడియో చూస్తూ కూర్చునేవాడివి, ఇది కాదు.

సరేలే. హెడ్ కోచ్‌వి, జట్టు నీది, నీ ఇష్టం. వచ్చే ఏడు స్కాలర్‌షిప్ లేదు, ఇంకో కాలేజీ చూసుకోమని ఎమెట్‌కు చెప్పాలి, అంతేగా? నన్నే చెప్పమంటావా? చెబుతాను. బయట బెంచీ మీదే ఉన్నాడు. నువ్వు రమ్మన్న టైముకన్నా ముందే వచ్చి కూర్చున్నాడు.

గొడవ చేస్తాడని భయపడకు. ఎందుకని కూడా అడగడు. "అలాగే సార్" అని వెళ్ళిపోతాడు.

దేనికైనా అలాగే అనడం వాడికి నేర్పింది నేనే.