రాహేలమ్మ కంప్యూటర్ మారిన దినం

జమ్మలమడుగు బస్టాండు ముందర జమీర్ టీ బంకు కాడ దేవపాలు నోరు తెరిచినాడంటే, ప్రొద్దుటూరు బస్సు వచ్చి పోయినా ఎవరికీ పట్టదు. మైకుసెట్ల షాపులో పని ఆయనది. పెండ్లికైనా, ప్రార్థన కూటానికైనా, ఏ పార్టీ మీటింగుకైనా మైకు కట్టేది ఆయనే. ఊరందరి గొంతులూ పెంచి పెంచి, ఏ మాటైనా పెంచకుండా చెప్పలేని మనిషైపోయినాడు.

ఆ పొద్దు మధ్యాన్నం బెంచీ మీద కండక్టరు మున్వర్ కూచోని, సెల్లులో పాటలు ఎక్కడం లేదని విసుక్కుంటున్నాడు. ఆ చివర ఎవరో బయటూరి మనిషి తువ్వాలు భుజానేసుకొని బస్సు కోసం చూస్తున్నాడు. దేవపాలుకు అంత సందు చాలు.

"పాటలెక్కించేదంటే ఆటనుకుంటివా అప్పా? పోయిన ఎలక్షన్లప్పుడు మా రాహేలత్త కంప్యూటర్‌ను నేను లైనక్స్‌కు మార్చినప్పుడు నువ్వు చూసుండాల!"

"లైనక్సంటే ఏంది మామా?" అన్నాడు జమీర్ పాలు తిరగేస్తా.

"కంప్యూటరంటే ఒళ్ళంతా ఇనుమే గదప్పా, దాన్ని నడిపే ప్రాణమొకటి లోపలుంటాది. అందరిండ్లల్లో విండోస్. నేను అది తీసేసి లైనక్సనే ఇంకో ప్రాణం పోసినా. ఎందుకంటావా? మా వీధిలో సీడీ రాసే మిషను అత్తకొక్కదానికే ఉండె. ఎలక్షన్లొస్తే పార్టీ పిల్లోల్లు ప్రచారం పాటలు సీడీలకెక్కించుకునేకి ఆమింటి మీదనే పడేది. వాల్ల పెన్‌డ్రైవు ఊరంతా తిరిగి, ఊరందరి వైరస్సులూ మూటగట్టుకోనొచ్చి ఆడ దించింది. కంప్యూటర్ మంచం పట్టింది. అత్తకు దాని మీద దిగులు ల్యా. దిగులంతా పాటల డబ్బా మీద."

ఆ పాటల డబ్బా అగ్గిపెట్టె కంటే రవ్వంత పెద్దది. చెవుల్లో వైర్లు పెట్టుకొని వినేది. అందులో రాహేలమ్మ మొగుడు, చనిపోయిన దాసయ్య, చర్చిలో హార్మోనియం ముందర పాడిన పాటలున్నాయి. టేపులన్నీ బూజు పట్టి పోయినాయి. కువైట్‌లో ఉన్న ఆమె తమ్ముడు ముందే వాటిని డబ్బాలోకెక్కించి పంపబట్టి ఆ గొంతు మిగిలింది. ఆ డబ్బాకు ఛార్జింగు పెట్టాలన్నా, పాట దించాలన్నా కంప్యూటర్‌కే తగిలించాల.

"'నువ్వు ఏ లైనక్సన్నా పెట్టుకోరా నాయనా, అది నా డబ్బాతో మాట్లాడకపోతే మాత్రం మళ్ళా నా గడప తొక్కొద్దు' అనింది మా అత్త."

ఇంతవరకు చెప్పిందంతా నిజమే. కానీ నిజం ఎక్కువసేపు చెప్తే దేవపాలుకు ఉప్పు లేని సంగటి తిన్నట్టుంటుంది. టీ ఒక గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టినాడు.

"లైనక్స్ సీడీ పెట్టినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వైరస్సులు నల్లగా ఈగల మాదిరి ఫ్యాను సందులోనుంచి జుమ్మని బయటికొచ్చినాయి! బిరీన కిటికీ తెరిచినా. అన్నీ ప్రొద్దుటూరు దిక్కుకు పోయినాయి. ఆ పొద్దు ప్రొద్దుటూరు బంగారంగళ్ళల్లో ఒక్క కంప్యూటర్ పలకలా. కావాలంటే కనుక్కో పో."

"వైరస్సు కంటికి కనపడదు గద మామా?"

"మీకు కనపడదు. ఇంగ డబ్బా తగిలిస్తి. అలిగిన కొత్తకోడలు మాదిరి మొగం తిప్పుకొనింది. బుజ్జగించి లోపలికి పోయి చూస్తే పాటలకు పేర్లే ల్యా! అన్నీ నాలుగక్షరాల తిక్క పేర్లు. నేను వైరు మీద వేలు పెట్టినా. పాట పోతాంటే వేలికి తెలుస్తాదప్పా, ఇది క్రిస్మస్ పాట, ఇది సమాధుల కాడ పాట అని. ఎంత జోరుగా కంప్యూటర్లోకి ఎక్కినాయంటే, ఫ్యాను గాలికి పెన్నలో ఇసుక లేచి ముద్దనూరు దాకా మబ్బు కమ్మింది. దాసు మామ గొంతు గండి గుడి కాడ వినపడిందంట. ఆడ కోతులు కొబ్బరిచిప్పలు కింద పెట్టి గమ్మున కూచున్యాయంట!"

"గండి యాడ, జమ్మలమడుగు యాడ!" అన్నాడు మున్వర్.

"గాలి అటుండె. మధ్యలో అడ్డం రావద్దు. అప్పుడొచ్చినాయి సుమోలు! మొదటిది అత్త వాకిట్లో ఆగితే, చివరిది ఇంకా పెద్దముడియంలో స్టార్టు కాలా. పార్టీ లీడరు దిగినాడు. 'మేము సీడీలు రాసుకునే కంప్యూటర్ మార్చిందెవడ్రా? పాతదే మళ్ళా పెట్టు, లేకుంటే పెట్టె సుమోలో వెయ్యి' అన్యాడు. నేను లేచి గడపకు అడ్డం నిలబడినా. 'లీడరూ! నువ్వు ఎలక్షనుకొక పార్టీ మారుతావు. మా అత్త కంప్యూటర్ ఒకేసారి మారింది. ఇంగ మారదు' అన్యా."

మున్వర్ అలవాటు కొద్దీ రోడ్డుకు అటూ ఇటూ చూసినాడు. ఆ ఊర్లో అట్లాంటి మాటలు నలుగురిలో అనేవి కావు. "నిజంగా అన్యావా?" అన్నాడు గొంతు తగ్గించి.

"అన్యా! అంతలోనే పులివెందుల దిక్కునుంచి రెండో పార్టీ లీడరు గూడా దిగబడినాడు. ఇద్దరి మనుషుల చేతుల్లోనూ బకెట్ల నిండా బాంబులు. నేనేం చేసినానో తెలుసా? పాటల డబ్బా తీసి ఒక వైరు ఈయప్ప చెవిలో, ఒక వైరు ఆయప్ప చెవిలో పెట్టినా. వైరు పొట్టిది గదా, తలకాయలు రెండూ ఆనుకున్యాయి. దాసు మామ గొంతెత్తినాడు. ఇద్దరూ ఒకరి మీదొకరు పడి బోరుమని ఏడ్సినారు. బాంబులన్నీ తీసకపోయి పెన్నలో పారేసినారు. ఎండిన ఏట్లో ఊట పడి నీల్లు పారినాయి. మైలవరం డ్యాం గేట్లెత్తినారని జనం అనుకున్యారు. గేట్లు కాదప్పా, నేను!"

బెంచీ చివర బయటూరి మనిషి గ్లాసు కింద పెట్టినాడు.

"సుమో ఒకటే వచ్చింది. తోలింది నేనే. జియావుల్లా నా పేరు. ఇప్పుడా పని ఇడ్సిపెట్టినాలే."

దేవపాలు ఆ మనిషి దిక్కు తిరిగి చూసినాడు. ఆ దినం ఆయన ఈ ముఖం చూడలేదు. తలెత్తి ఉంటే కదా చూసేది.

"లీడరు రాలా," అన్నాడు జియావుల్లా. "ఆయన బామ్మర్ది వచ్చినాడు, ఇద్దరు మనుషులతో. పెట్టె మోసేకి నన్ను లోపలికి పిలిచిరి. ఈయప్ప లేచి నిలబడలా. నేల మీద కూచోని, పెట్టె ఒల్లో పెట్టుకొని రెండు చేతులా పట్టుకోనుండాడు. 'పాటలెక్కుతాండాయి సార్, వైరు పీకితే పోతాయి సార్, రవ్వంతసేపు సార్.' అదే మాట. ఏడుస్తాండాడు. బామ్మర్ది చెంప మీద కొట్టినాడు. వదల్లా. ఇనుపకడ్డీతో టీవీ మాదిరి ఉండే దాన్ని పగలగొట్టినాడు. గాజంతా ఈయప్ప మీద పడింది. వదల్లా. నన్ను లాగమనిరి. లాగినా. మనిషీ పెట్టే కలిసి జరిగినారు గానీ విడిపడలా. ఆయమ్మ తలుపుకాడ నిలబడి వీధంతా వినపడేట్టు అరుస్తాంటే జనం చేరినారు. పగిలిన దాంతో మనకేం పనిలే అని బామ్మర్ది బయటికి నడిచినాడు. నేను ఎనక్కు తిరిగి చూస్తే, పెట్టెలో లైటు మిణుకుమిణుకుమంటానే ఉండాది."

జమీర్ స్టవ్వు తగ్గించినాడు.

"పాటలు ఎక్కినాయా మామా?" అన్నాడు మున్వర్.

"అన్నీ ఎక్కినాయి," అన్నాడు దేవపాలు. మైకు లేని గొంతు అది. అంతలోనే చెవులు ఎర్రబడి జియావుల్లా మీదికి లేచినాడు. "డబ్బాలో గూడా ఉండాయి, కంప్యూటర్లో గూడా ఉండాయి! అది చెప్పకుండా నలుగుర్లో నన్ను ఏడ్సినాడంటావా?"

"ఏడ్సినావు. నేను చూసింది నేను చెప్పినా."

"భయపడి లేవలేకపోయినాననుకుంటివేమో! లేవగూడదనే లేవల్యా!"

ప్రొద్దుటూరు బస్సు హారను కొట్టింది. జియావుల్లా తువ్వాలు సర్దుకొని నిలబడినాడు.

"ఆ ఎలక్షన్లల్లో మేము ఏ ఇంటికి పోయినా మనుషులు లేచి నిలబడినారప్పా, ముసలోల్లు గూడా. కూచోనే ఉండింది నువ్వొక్కనివే."

అని బస్సెక్కి పోయినాడు.

దేవపాలు మెల్లగా మళ్ళా కూచున్నాడు. జమీర్ ఇంకో టీ పోసి ఆయన చేతికిచ్చి, ముందరే నిలబడుకున్నాడు.

"అయితే మామా, ఆ పులివెందుల లీడరు?"

దేవపాలు టీ ఊదుకున్నాడు. ఒక గుక్క తాగినాడు.

"రాలా," అన్నాడు. "వచ్చింటే మాత్రం ఏడ్సేవాడే."