మర గుమ్మంలో మనిషి

బోస్నియా కొండవాగు మీద, యుద్ధం తర్వాత మళ్లీ కట్టిన పాత నీటిమర అది. చిత్రకారుడు దాన్ని గీస్తుండగా, పక్కింటి ముసలామె కాఫీ తెచ్చి అతని వెనకాల నిలబడింది.

"ముందు తాగు నాయనా, చల్లారితే మళ్లీ కాచేది లేదు. మర అచ్చంగా దిగింది. గుమ్మంలో ఆ మనిషెవరు?"

"ఎవరూ కాదమ్మా. బొమ్మ బోసిగా ఉందని మర ఆడించేవాణ్ణి ఒకణ్ణి నిలబెట్టాను."

"ఈ మర ఆడించింది మా ఆయన, రిఫెత్."

"అయితే ఒకసారి పిలవండి. చూసి ముఖం సరిగ్గా వేస్తాను."

"ఎక్కణ్ణుంచి పిలవను? యుద్ధంలో సైనికులొచ్చి, ఊళ్లో మగాళ్లందర్నీ ఈ మరలోకి తోలి, బయట గడియపెట్టి నిప్పంటించారు. నేను అదిగో, ఆ మొక్కజొన్న చేలో పడుకుని చూశాను. అరుపు బయటికి రాకుండా నోట్లో మట్టి కుక్కుకున్నాను."

అతనికి ఈ చోటు ఎంత అందంగా ఉందోనని పొద్దుట్నుంచీ మురిసిపోయినందుకు సిగ్గేసింది.

"తప్పయిపోయిందమ్మా. ఇప్పుడే చెరిపేస్తాను."

"చెరపకు! ఇన్నేళ్లకి ఆ గుమ్మంలో ఒక మనిషి కనిపించాడు."

"మరేం చెయ్యమంటారు?"

"నెత్తిన టోపీ పెట్టు. టోపీ లేందే గడప దాటేవాడు కాదు."

అతను పెట్టాడు. ఆమె చాలాసేపు చూసింది.

"ఇంకొక్కటి నాయనా. గుమ్మానికి మరీ దగ్గరగా ఉన్నాడు. కాస్త ఇవతలకి, దారి మీదికి జరుపు."