రంగు కింది గీత

ఆఁ, కూసో నవనీతా. వనపర్తిల ఏం సదువుతున్ననంటివి? ఇనుముల పగులు ఎట్ల పెరుగుతదో, ఎప్పుడు ఇరుగుతదో ముందుగాలనే లెక్కగడతరా? కంపీటర్ల చెప్తదా? మంచిదే బిడ్డ. జర ముందు పుట్టకపోతివి. నా తమ్ముడు వెంకటన్న యాదికొచ్చిండు, గంతే. నువ్వు సూడలే వాన్ని. ట్రాక్టరంటే వానికి పానం. చిన్నప్పుడు ఎడ్లబండి గీరలకు గూడ ముచ్చట వెట్టేటోడు, మా అమ్మ తిట్టేది. ఏం చెప్తున్న? ఆఁ, పగులు. ట్రాలీని ట్రాక్టరుకు కలిపే హుక్కు మెడకు ఎంటికంత పగులు కనవడ్డది. అమరచింతల వెల్డింగాయన, "అతికిస్తె మల్ల గాడనే ఇరుగుతది, కొత్తది ఏపియ్యి" అన్నడు. పల్లికాయ పీకే దినాలాయె, ఊరంత ట్రాలీ అడుగుతుండె, బండి ఆపుతడా? యాక్సాబ్లేడుతోని పగులు కొసకాడ గీత గీసిండు. "అన్నా, పగులు ఈ గీత దాటిన్నాడు బండి బయటికి తియ్య" అన్నడు. పొద్దుగాల లేస్తె మొకం గడగకముందే గీత సూసుకునేటోడు.

గంతల దసర వచ్చె. పండుగనాడు బండ్లు కడిగి, రంగేసి మొక్కుతం గదా. ముందునాడు బస్తాలు మోసీ మోసీ అలిసి పండుకున్నడు. వాడు లేవకముందే వాని పెండ్లాం జోగులమ్మ ఎర్రరంగు మందంగ పూసింది, హుక్కుకు గూడ. "గీత ఏడవాయెనే?" అన్నడు. "పండుగపూట గీతలేందయ్య, మెరుస్తలేదా?" అన్నది. వాడు నవ్విండు. మొక్కిన బండిని గీకుతమా? ఎవ్వలం గీకం. దీపావళి ఎల్లినంక గీకి సూస్తనన్నడు.

దీపావళి రానేలే. కాలువ కట్ట ఎక్కుతుంటె ఇంజను ఆగింది. ట్రాలీ గీరకింద రాయి వెడదామని ఎనకకు పోయిండు. గప్పుడే ఇరిగింది హుక్కు. ట్రాలీ వాని మీదికెల్లే పోయింది. ఆడనే పానం పోయింది బిడ్డ.

ఇరిగిన ముక్క నేనే ఏరిన. కొస జరంత మెరుస్తుండె, అప్పుడే ఇరిగింది గది. మిగిలిందంత పాత పగులు. గా పాత పగులుల ఎర్రరంగు దిగింది, గీత దాటి లోపటిదాంక. అంటే రంగేసిన్నాటికే దాటిందన్నట్టా? కనవడితే వాడు ఆనాడే బండి ఆపేటోడు. నీ సదువు ఏమంటది? కాదని చెప్పరాదు?

తలకాయ వంచుకుంటివి. ఇన్నేండ్లు, కాదని ఎవలన్న అంటరేమోనని సూసిన. ఇంగ ఆ ఆశ లేదు, గంతే. గా ముక్క బాయిల పడేసిన, జోగులమ్మకు సూపలే. వాడు మొక్కిన బండని మొన్న దసరకు గూడ రంగేసింది.

అగో, వస్తుంది. జోగులమ్మా, గీ పిల్లకు జర చాయ్ పెట్టు. ఏం లేదమ్మ, సదువు ముచ్చట.