ఎడమ చక్రం మీట

కొండ మీది కొత్త ఉద్యోగానికి బయల్దేరిన మనవరాలి జీపు ఇంటి ముందు బురదలోనే కూరుకుపోయింది. ఆమె కిందికి దూరి చూస్తుంటే, అమ్మమ్మ గొడుగు పట్టింది.

“ఫోర్ వీల్ డ్రైవ్ వేసినా ముందు చక్రాలు లాగట్లేదు అమ్మమ్మా.”

“గేర్‌బాక్సు పోయుంటుందే! వారం పడుతుంది.”

“ఆ సంబరమేంటి? గేర్‌బాక్సు గుండ్రాయిలా ఉంది. ఇదిగో, కుడి చక్రం మీట ‘లాక్’లో ఉంది, ఎడమది ‘ఫ్రీ’లో ఉంది. రెండూ లాక్ అయితేనే ముందు చక్రాలు లాగేది. ఎవరు తిప్పారు?”

“గాలికి తిరిగిందేమో.”

“గాలి జీపు పుస్తకం కూడా చదివిందా? అందులో నీ కళ్ళజోడు దొరికింది!”

“ఈ గుమ్మం దాటినవాళ్ళెవరూ మళ్ళీ రాలేదే తల్లీ. రెండోదీ తిప్పేదాన్నే, నీ కాఫీ తొందరగా అయిపోయింది.”

మనవరాలు బురదలోనే పడిపడి నవ్వింది.

“ఆదివారం వచ్చేస్తాగా ముసలీ! అప్పుడు రెండూ నువ్వే తిప్పు.”